పేర్లు లేని మీటింగు

మేడ్చల్‌లో ఒక చర్చి మేడమీద గదిలో ప్రతి నెలా ఆఖరి ఆదివారం మధ్యాహ్నం మీటింగు ఉంటుంది. పొద్దున ఆరాధన ముగిసి సండేస్కూలు పిల్లలు ఇళ్లకు పోయాక, ఆ పిల్లల కుర్చీల్లోనే పాతికమంది పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని కూర్చుని కంప్యూటర్ల కబుర్లు చెప్పుకుంటారు. డబ్బు పెట్టి కొననక్కర్లేని, ఎవరైనా విప్పి చూసి, మార్చి, పదిమందికి పంచిపెట్టగలిగే సాఫ్ట్‌వేరు అంటే వాళ్లకు ప్రాణం. ఒకరు చచ్చిన లాప్‌టాప్‌ను బతికించిన కథ చెబుతారు. ఇంకొకరు తెలుగు ఒత్తులు సరిగా రావడం లేదని పోట్లాడతారు. ఫ్లాస్కుల్లో చాయ్, కవర్లో ఉస్మానియా బిస్కట్లు, గోడకు కట్టిన తెల్లదుప్పటి మీద ప్రొజెక్టరు బొమ్మ. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

సంఘం పెట్టినవాడు గిడియోన్. సుచిత్ర కూడలి దగ్గర ఫ్లాటు, పట్నంలో కంపెనీ ఉద్యోగం, మెత్తని మాట. అతను పెట్టిన నియమాలు మూడు. రాసింది ఏదైనా ఇంటర్నెట్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. ఒకరు రాసిన దాన్ని ఇంకొకరు చదివి ‘చూశాను’ అని పెడితే తప్ప వాడకంలోకి పోకూడదు. దీన్ని వాళ్లు రెండో కన్ను అంటారు. ఇక ఏదైనా చెడిపోతే మీటింగులో తప్పు గురించే మాట్లాడాలి తప్ప మనిషి పేరు ఎత్తకూడదు. పేర్లు ఎత్తితే మనుషులు భయపడి తప్పులు దాచుకుంటారట. మూడూ మంచి నియమాలే. మంచివి కాబట్టే ఎవరికీ అనుమానం రాలేదు.

ఆ మూడింటినీ పది ఆజ్ఞల పక్కన పెట్టుకున్న మనిషి ప్రిస్కిల్లా. దుండిగల్ దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెబుతుంది. తల్లి ఎలీషమ్మతో చర్చి వెనక వీధిలో కాపురం. పెళ్లి మాట ఎత్తితే మీటింగు పని ఉందని లేచిపోయే రకం.

నీళ్ల డబ్బా ఆలోచన సంఘంలోకి తెచ్చింది ఆమే. శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు షేర్ ఆటో నడిపే బబ్లూ ఒకరోజు దారిలో తన గోడు చెప్పుకున్నాడు. అతని తండ్రి గండయ్య చెరువులో చేపలు పడతాడు. వాగు వచ్చి చెరువులో కలిసేచోట చేప ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువ. ఎగువ చెరువు నిండి అలుగు మీదుగా నీళ్లు పొర్లితే ఆ వరదంతా చెప్పాపెట్టకుండా వచ్చి వాగు మొగలో పడుతుంది.

“పైన వాన గొడ్తే మాకేం ఎరుక అక్కా? ఈడ ఎండ గొడ్తనే ఉంటది, గంతల్నే నీళ్లొచ్చి మీద వడ్తయి. మా నాయిన ఇప్పటికి రెండుసార్లు తప్పిచ్చుకున్నడు” అన్నాడు బబ్లూ.

సంఘమంతా ఆ పనిమీద పడింది. ఎండాకాలం గడిచేలోపు ఎగువ చెరువు అలుగు గోడకు ఒక డబ్బా బిగించారు. నీళ్లు గోడ అంచుకు రాగానే అది బబ్లూ ఫోనుకు కబురు పంపుతుంది, ఫోను సైరన్‌లా మోగుతుంది. బబ్లూ ఇల్లు చెరువుగట్టు పక్కనే. అతను విజిల్ ఊదితే నీళ్లలో ఉన్నవాళ్లు ఒడ్డుకు వచ్చేస్తారు. మొదటిసారి అది పనిచేసిన రోజు గండయ్య బొచ్చె చేపలు గోనెసంచిలో వేసుకుని మీటింగు గదికి మెట్లెక్కి వచ్చాడు. పట్నంలో పెద్ద హాల్లో గిడియోన్ ఈ డబ్బా గురించి ఉపన్యాసమిస్తే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

చిక్కల్లా ఏమిటంటే డబ్బాకు భయమెక్కువ. గాలికి అల లేచినా, బర్రె దిగి కదిలినా ఫోను మోగించేది. రాత్రిళ్లు విజిళ్లతో ఊరికి నిద్ర కరువై, మనుషులు విసుక్కోవడం మొదలుపెట్టారు. అందుకని గిడియోన్ ఒక మార్పు రాశాడు. ఒకసారి కబురు పంపాక డబ్బా సగం రోజు నోరు మూసుకోవాలి. రాసి, రెండో కన్ను కోసం ప్రిస్కిల్లాకు పంపాడు.

అది ఆదివారం. పాస్టరుగారు ప్రకటనలు చదువుతున్నారు. బైబిలు కింద పెట్టుకున్న ఫోను కదిలితే ప్రిస్కిల్లా తొంగిచూసింది. గిడియోన్ పేరు కనిపించింది. గిడియోన్ రాసిన దాంట్లో తప్పుంటుందన్న ఊహ కూడా ఆమెకు రాదు. బొటనవేలితో ‘చూశాను’ అని కొట్టి పాటల పుస్తకం తెరిచింది. ఒక్కసారి చదివి ఉంటే దొరికిపోయేది. డబ్బా నోరు మూసుకున్న ఆ సగం రోజులో నీళ్లు నిజంగానే పెరిగితే ఎలా అన్నది గిడియోన్ రాయలేదు. దాన్ని పట్టుకోవడానికే రెండో కన్ను.

భాద్రపదంలో ముసురు పట్టింది. ఒక శనివారం పొద్దుగూకే వేళ బబ్లూ ఫోను మోగింది. అతను విజిల్ ఊదాడు, అందరూ ఒడ్డుకు వచ్చారు. నీళ్లు రాలేదు. బర్రె పని అయ్యుంటుందని నవ్వుకుని ఇళ్లకు పోయారు. తెల్లారి గండయ్య థర్మాకోల్ తెప్ప వేసుకుని వల తీయడానికి వాగు మొగకు వెళ్లాడు. అదే సమయానికి పైన అలుగు పొర్లింది. డబ్బా నీళ్లను చూసింది, కొలిచింది, చెప్పినట్టే నోరు మూసుకుని కూర్చుంది. మధ్యాహ్నానికి తుమ్మ చెట్ల మధ్య వలలో చుట్టుకుపోయిన గండయ్య దొరికాడు.

ఊరు తీర్పు చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. డబ్బా చదువుకున్నోళ్లు చేసింది, అది తప్పు చేయదు. ఫోను మోగే ఉంటుంది, బబ్లూ లేవలేదు. శనివారం రాత్రి అతను కల్లు తాగిన మాట నిజమే. ఫోనులో కబురు లేదు చూడండి అని అతను అందరి కాళ్లావేళ్లా పడితే, తుడిచేశాడన్నారు. చేపల సంఘానికి పెద్దమనిషి ఎంకయ్య, తండ్రిని పొట్టన పెట్టుకున్నవాడు కొరివి పెట్టకూడదన్నాడు. గండయ్య తమ్ముడి కొడుకు కొరివి పెట్టాడు. కన్నకొడుకు కంపకంచె అవతల నిలబడి చూశాడు.

మూడో రోజున గిడియోన్ ప్రిస్కిల్లాకు ఫోన్ చేశాడు. అతని గొంతు ఎప్పటిలా మెత్తగా లేదు.

“డబ్బా తీసి చూసిన ప్రిస్కిల్లా. మెసేజ్ పోనేలేదు. నేను పెట్టిన మార్పే ఆపింది.”

ప్రిస్కిల్లాకు తను చదవకుండా కొట్టిన ‘చూశాను’ కళ్లముందుకు వచ్చింది. “అన్నా, మరి బబ్లూకు చెప్పాలె కదా. ఊరంత వాన్నే అంటున్నరు.”

“చెప్తం. ఎట్లవడితె అట్ల కాదు, పద్ధతి ప్రకారం. నెలాఖరుకు మీటింగుల పెడదం. అప్పటిదాక ఎవ్వరితోని అనకు. మనం దాచిందేం లేదు, రాత్రే సరిచేసి ఇంటర్నెట్‌ల రాసిన.”

ఆ మాటా నిజమే. ఏం చెడిందో, ఎలా బాగైందో అంతా ఇంగ్లీషులో శుభ్రంగా రాసి పెట్టాడు. ఏ దేశంలో ఉన్నవాడైనా చదువుకోవచ్చు, గండయ్య ఊళ్లోవాళ్లు తప్ప.

ప్రిస్కిల్లా సరేనంది. సిగ్గుచేటైన సంగతేమిటంటే, సరేనన్నాక ఆమెకు ప్రాణం కొంచెం కుదుటపడింది. నెలాఖరు ఇంకా దూరంలో ఉంది. అప్పటిదాకా నోరు విప్పకపోవడం పిరికితనం కాదు, నియమం. ఆ మాట పదేపదే అనుకుని రెండు రాత్రులు నిద్రపోగలిగింది కూడా.

ఎలీషమ్మ ఊరుకోలేదు. ఒకసారి వాళ్ల చేప తిన్నాం, పలకరించి రావాలి అని కూతుర్ని వెంటబెట్టుకుని బయల్దేరింది. ఇంట్లో గండయ్య భార్య సత్తమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. బబ్లూ బయట తన ఆటోలోనే ఉంటున్నాడు. ప్రిస్కిల్లాను చూడగానే దిగి గబగబా వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్లు మాత్రం తేటగా ఉన్నాయి.

“అక్కా, నువ్వన్న జెప్పు. ఫోను మోగలే. అమ్మతోడు అక్కా, మోగలే. నాకు నిద్రపడ్తే గదా! నువ్వు జెప్తే గీళ్లు ఇంటరు.”

చెప్పేయాల్సిన క్షణం అదే. మాట నాలుక చివరికి వచ్చింది. అవతల ఎలీషమ్మ సత్తమ్మను పట్టుకుని ఏడుస్తోంది. గట్టు మీద నలుగురు మగవాళ్లు నిలబడి ఇటే చూస్తున్నారు. ప్రిస్కిల్లాకు భయమేసింది. ఆమె బబ్లూ మొహంలోకి చూడకుండా, “మీటింగుల చూస్తం బబ్లూ. నెలాఖరుకు మీటింగుల తేలుతది” అంది.

అతను అర్థం కానట్టు చూసి, వెనక్కు వెళ్లి ఆటోలో కూర్చున్నాడు.

నెలాఖరు వచ్చింది. మామూలుగా పాతికమంది వచ్చే గదికి ఆ రోజు నలభైమంది వచ్చారు. మెట్ల దగ్గర చెప్పులు కుప్పపడ్డాయి. గిడియోన్ దుప్పటి సరిచేస్తుండగా గుమ్మంలో సత్తమ్మ కనిపించింది. ఒంటరిగా వచ్చింది. దారి కనుక్కుని ఎలా వచ్చావమ్మా అంటే, “మావోడు రోజు మీటింగు మీటింగు అంటనే ఉన్నడు. ఏంది గా మీటింగు, సూద్దమని వచ్చిన” అంది. ధరణి అనే చదువుకునే అమ్మాయి లేచి తన కుర్చీ ఇచ్చింది. పిల్లల కుర్చీలో సత్తమ్మ కుదురుకుని, కొంగు భుజం చుట్టూ కప్పుకుని దుప్పటి వైపు తిరిగింది.

ముందు ఒక నిమిషం మౌనం పాటించారు. తర్వాత గిడియోన్ మొదలుపెట్టాడు. దుప్పటి మీద గండయ్య పేరు, పుట్టిన ఏడు, పోయిన తేదీ పడ్డాయి. ఆ తర్వాత ఒక గీత, ఆ గీత మీద బాణాలు. మొదటి వ్యక్తి మార్పు రాశారు. రెండో వ్యక్తి పరిశీలన పూర్తిచేశారు. మార్పు అమల్లోకి వచ్చింది. హెచ్చరిక వెళ్లలేదు. ఒక ప్రాణం పోయింది. ఇకమీదట రెండో కన్నుతో పాటు మూడో కన్ను కూడా ఉండాలని సంఘం ప్రతిపాదిస్తోంది. ప్రాణం పోయిందన్న వరుస చదివేటప్పుడు అతను సత్తమ్మ వైపు చూడలేకపోయాడు. పాపం, అతనూ రాయి కాదు. కానీ మాట మాత్రం ఎక్కడా తొణకలేదు.

వెనకనుంచి ఎవరో మంచి ప్రశ్న ఒకటి వేశారు. ఇంకెవరో దానికి జవాబిచ్చారు. మాటలు ఇంగ్లీషులోకి జారాయి. ప్రిస్కిల్లా ఆ ‘రెండో వ్యక్తి’ అన్న అక్షరాల వంక చూస్తూ ఉండిపోయింది. వాటి వెనక దాక్కోవడం ఎంత హాయిగా ఉందో ఆమెకు తెలుస్తూనే ఉంది, ఆ హాయికి ఒళ్లు జలదరిస్తోంది.

సత్తమ్మ చెయ్యెత్తింది, బడిపిల్లలా.

“అయ్యా, గిదంత నాకు సమజ్ గాలే. ఒక్కటి జెప్పుండ్రి. మా బబ్లూగాని ఫోను గా దినం మోగిందా, మోగలేదా?”

“అమ్మా, అది ఒక్క మాటల చెప్పేటిది కాదు” అన్నాడు గిడియోన్. “చాలా కారణాలు కలిసినయి. ఇది ఎవరో ఒక్క మనిషి తప్పు కాదు. అందుకనే మేం పేర్లు చెప్పుకోం.”

“నా పెనిమిటి పేరు రాసిండ్రు గదా” అంది సత్తమ్మ, దుప్పటి చూపించి. “గాయన పేరొక్కటి రాసి కడమోల్ల పేర్లు ఎందుకు రాయలే? మీరు పేరు జెప్పకపోతే మా ఊర్ల పేరు లేకుంట ఉంటదా? నా కొడుకు పేరు వెట్టిండ్రు.”

ప్రిస్కిల్లా లేచి నిలబడింది. ముందున్న కుర్చీని పట్టుకుంది.

“మోగలేదమ్మా. ఫోను మోగలేదు. మోగకుండ ఆపింది మేమే. గిడియోనన్న రాసిండు. నేను చదవకుండనే చూసిన అని పెట్టిన. చర్చిల కూసొని పెట్టిన. మూడోదినం నుంచే నాకు తెలుసు.”

“ప్రిస్కిల్లా, కూసో” అన్నాడు గిడియోన్ సన్నగా. “కేసు అయితది. నీ నౌకరి పోతది. కొంచెం ఆలోచించి మాట్లాడు.”

సత్తమ్మ తిట్టలేదు, కొట్టలేదు. తిడుతుందేమోనని ప్రిస్కిల్లా ఎదురుచూసింది, తిడితే బాగుండునని కూడా అనుకుంది. సత్తమ్మ కుర్చీలోంచి లేచి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది.

“ఈడ జెప్తే ఏమొస్తది బిడ్డా? నడువు. ఆడికొచ్చి జెప్పు.”

ఇద్దరూ మెట్లు దిగి షేర్ ఆటో ఎక్కారు. పక్కన ఇద్దరు ఆడవాళ్లు కూరగాయల సంచులు పెట్టుకుని కూర్చున్నారు. దారి పొడుగునా సత్తమ్మ ఆమె చెయ్యి వదల్లేదు. పారిపోతుందనుకుందో, పడిపోతుందనుకుందో తెలియదు. ఒకే ఒక్క మాట అంది. “వాని పెండ్లాం యమున పిల్లను దీస్కొని తల్లిగారింటికి వొయింది. ఎవ్వలు లేరు వానికి.”

గట్టు మీద వేపచెట్టు కింద ఎంకయ్య, ఇంకో ఏడెనిమిది మంది వలలు బాగుచేసుకుంటున్నారు. సత్తమ్మ ఆమెను వాళ్ల నడిమధ్య నిలబెట్టింది. ప్రిస్కిల్లా మేడమీద చెప్పిన మాటే మళ్లీ చెప్పింది. ఏ సాక్ష్యమూ చూపించలేదు. ఎవరూ అడగలేదు.

ఎంకయ్య చేతిలోని వల కింద పెట్టాడు. తలకు చుట్టుకున్న తువ్వాల తీసి మొహం తుడుచుకున్నాడు. “అయ్యో దేవుడా! పోరన్ని కొరివి వెట్టనియ్యలే గదనే” అన్నాడు. “గీ ముచ్చట గా దినమే జెప్తే ఏం వొయ్యె తల్లీ నీది?”

అంతే. మరో ప్రశ్న లేదు, ఎవరికీ అనుమానం లేదు. ఇన్నాళ్లూ ఊరు నమ్మదేమోనని, గొడవవుతుందేమోనని, సరైన పద్ధతి కాదేమోనని ఆమె కడుపులో దాచుకున్న మాటను వాళ్లు నాలుగు నిమిషాల్లో నమ్మేశారు. ప్రిస్కిల్లాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చే హక్కు తనకు లేదని తెలిసి పళ్లు బిగబట్టింది.

ఎంకయ్యే ముందు నడిచాడు. బబ్లూ ఆటో అతని ఇంటి పక్కనే ఉంది. అతను వెనక సీట్లో ముడుచుకుని పడుకున్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. మనుషుల్ని చూసి నెమ్మదిగా లేచి కూర్చున్నాడు. ఆ రోజు తేటగా ఉన్న కళ్లు ఇవేనా అనిపించింది ప్రిస్కిల్లాకు.

“తప్పయింది కొడుకా” అన్నాడు ఎంకయ్య. “నీది తప్పు లేదు. గీ బిడ్డ జెప్పింది.”

ప్రిస్కిల్లా ఆటో పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. “బబ్లూ, ఫోను మోగలే. నువ్వు చెప్పిందే నిజం. డబ్బాను మేమే ఆపినం. నేను చూడకుండ ఒప్పుకున్న. గండయ్య బాపును చంపింది నా తప్పు, నీది కాదు.”

బబ్లూ శ్రద్ధగా విన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

“లేదక్కా, మోగింది.”

“మోగలేదు బబ్లూ. ఇగో, చూడు, ఇందుల మొత్తం ఉన్నది.” ఆమె తన ఫోను తీసి గీతలు, అంకెలు చూపించింది. అతను వాటి వంక చూడలేదు.

“నాకు ఇనవడ్డది. ముందుగాల యాదికి రాలే. గిప్పుడు మంచిగ యాదికొస్తాంది. మోగింది, నేను బంద్ జేసి అటు మర్లి పండుకున్న. రోజు తెల్లారంగ ఇనవడ్తాంది అక్కా.” అతను చిన్నగా నవ్వాడు. “నీది మంచి మనసు. నామీది పాపం నువ్వు ఎత్తుకుంటున్నవ్. వద్దక్కా, నీకెందుకు?”

ఎంకయ్య పక్కకు తిరిగి నిలబడ్డాడు. ప్రిస్కిల్లా మళ్లీ చెప్పింది. ఒట్టు వేసింది. అతని చెయ్యి పట్టుకుని నుదుటికి ఆనించుకుంది. అతను చిన్నపిల్లను ఓదార్చినట్టు ఆమె భుజం తట్టాడు. ఆమె మాటల్లో ఒక్కటీ అతని లోపలికి పోవడం లేదు.

చివరికి సత్తమ్మే ఆమెను రెక్క పట్టి లేపింది. ఇంటి మలుపు దాకా తీసుకొచ్చి ఆగింది. అప్పుడు, ఆ రోజు మొత్తంలో మొదటిసారి, ఆమె ఏడ్చింది.

“గా దినం ఆటో దిగి నీ దగ్గరికి ఉరికొచ్చిండు. అప్పుడు జెప్తే ఇంటుండె. గిప్పుడు ఇంటలేడు. రేపు రా. ఎల్లుండి రా. వాడు ఇనేదాంక రావాలె నువ్వు.”

“వస్తనమ్మా” అంది ప్రిస్కిల్లా.

మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి మళ్లీ వెళ్లింది. బబ్లూ ఆటోలోంచి దిగి, ఇంట్లోంచి ఆమెకు కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చుని, ఫోను మోగలేదు బబ్లూ అంది. మోగిందక్కా అన్నాడు అతను, మంచినీళ్లు తెస్తానంటూ లోపలికి పోతూ.